లెక్క చూడని పత్రికాధిపతి: ప్రకాశం పంతులుగారి జీవితము

గుంటూరు నుండి పడమరగా సాగే రైలుమార్గములో నరసరావుపేట, వినుకొండ, కురిచేడు దాటిన తరువాత దొనకొండ వచ్చును. ఆవిరి యింజనుల కాలములో ఇక్కడ ఇంజనుల షెడ్డు ఉండెడిది. ఇక్కడి నుండి మార్గము మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరుల మీదుగా నల్లమల కొండలలోనికి పోవును. 1920 తరువాతి రోజులలో మదరాసున అచ్చయిన దినపత్రిక ఒకటి ఈ స్టేషనుకు రావలెనన్న, ముందుగా కోస్తా బండిలో ఉత్తరమునకు పోవలెను. అటుపిమ్మట మీటరు గేజి బండిలోనికి మారి పడమరకు తిరుగవలెను. ఈలోగా వార్త పాతబడిపోయెడిది. అయినను ఆనాటి తెలుగు పల్లెలలో పత్రిక కొరకు ఎదురుచూచువారు ఉండిరి. చదువు వచ్చిన ఒకరు అరుగు మీద కూర్చుండి పైకి చదువుచుండగా, చదువు రాని పదిమంది చుట్టును చేరి వినుట వాడుక. తరువాతి కాలమున ఊరికి ఒకటిగా వచ్చిన రేడియో చుట్టు జనము గుమిగూడినది కూడ ఈ అలవాటు వలననే.

ఇక్కడ ఒక సందేహము కలుగును. పదిమంది వినుచున్నారు; కాని పత్రికకు వెల యిచ్చినవాడు ఒక్కడే. ఆ ఒక్కని వెలలో కాగితము, సిరా, అచ్చుకూలి, తంతివార్తల ఖర్చు, రైలు కిరాయి, ఏజెంటు కమీషను అన్నియు తీరవలెను. తీరవు. మరి తీరని ఖర్చును ఎవరు భరించినారు? మదరాసు నుండి వెలువడిన ‘స్వరాజ్య’ విషయములో దీనికి సమాధానము ఒక్క పేరులో ఉన్నది. ఆ పేరు టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఆంధ్ర రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రిగా ఆయనను అందరు నెరుగుదురు. సైమను కమిషను నాడు తుపాకీకి ఎదురుగా రొమ్ము చూపిన ఆంధ్రకేసరిగా ఇంకను ఎక్కువమంది యెరుగుదురు. పత్రికాధిపతిగా ఆయన పడిన పాట్లు మాత్రము అంతగా ప్రచారములో లేవు. ఆ పాట్లు తెలిసినగాని, తరువాత మంత్రి పదవులలో ఆయన నడచిన తీరు మనకు బోధపడదు.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపమున వినోదరాయునిపాలెములో జన్మించినారు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. చిన్నతనముననే తండ్రి గతించగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను పెంచినది. నలుగురికి వండిపెట్టి, ఆ వచ్చినదానితో పిల్లవానికి పుస్తకములు కొనిపెట్టిన ఇల్లు అది. ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఈ విద్యార్థిలోని చురుకుతనమును గుర్తించి చేరదీసి, తమతో రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయినారు. అక్కడ చదువుతోపాటు నాటకములు, ఆటపాటలు, ఊరి తగవులు అన్నియు అబ్బినవి. మదరాసులో న్యాయశాస్త్రము చదివి రెండవ తరగతి ప్లీడరై, రాజమహేంద్రవరములో వకాల్తా సాగించి, ముప్పది యేండ్లు దాటిన కొలది కాలమునకే అక్కడి పురపాలక సంఘమునకు అధ్యక్షులైనారు.

1904లో సీమకు పోయి, 1907లో బారిష్టరై తిరిగివచ్చినారు. అక్కడ ఉన్న కాలములో, పార్లమెంటు స్థానమునకు దాదాభాయి నౌరోజీగారు పోటీచేయగా వారి పక్షమున పనిచేసినారు. వచ్చిన యేడే మదరాసులో బిపినచంద్రపాలు ఉపన్యాసములకు అధ్యక్షత వహించుటకు పెద్దలు జంకగా, కొత్తగా వకాల్తా మొదలుపెట్టిన ఈ బారిష్టరు ముందుకు వచ్చి ఆ పీఠము మీద కూర్చున్నారు. అటుపిమ్మట పదునాలుగేండ్లలో హైకోర్టులో ముందువరుస న్యాయవాదులలో ఒకరైనారు. ‘లా టైమ్స్’ అను న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకత్వము కూడ వహించినారు. పత్రికా వ్యవహారముతో ఆయనకు కలిగిన పరిచయము ఇదియే. కాని వృత్తివారికొరకు నడిపే పత్రిక వేరు, దేశముకొరకు నడిపే దినపత్రిక వేరు. వృత్తిపత్రికకు చందాదారులు నిలకడగా ఉందురు. దినపత్రికకు ప్రతి ఉదయము కొత్తగా పాఠకుని సంపాదించుకొనవలెను.

1921 సంవత్సరము వచ్చినది. గాంధీజీ పిలుపు నందుకొని ప్రకాశంగారు కోర్టును విడిచిపెట్టినారు. ఆ యేడు డిసెంబరులో అహమ్మదాబాదు కాంగ్రెసు ఆయనను ప్రధానకార్యదర్శులలో ఒకరిగా ఎన్నుకొన్నది. సంపాదన నిలిచిపోయిన ఈ యేడే ఆయన తన జీవితములో ఎక్కువ వ్యయము కోరిన పని చేపట్టినారు. అదియే ‘స్వరాజ్య’ పత్రిక. ముందుగా ఇంగ్లీషులోను, పిదప తెలుగు, అరవములలోను వెలువడినది. ఒకే సంస్థ మూడు భాషలలో పత్రిక నడుపుట అప్పటికి సామాన్య విషయము కాదు. రాజధాని మదరాసు, ఆ రాష్ట్రములో తెలుగువారును అరవవారును కలిసియుండిరి, అధికారుల భాష, హైకోర్టు భాష ఇంగ్లీషు. ప్రభుత్వమునకు వినబడవలెనన్న ఇంగ్లీషున చెప్పవలెను. పల్లెలో అరుగు మీద వినబడవలెనన్న తెలుగున, అరవమున చెప్పవలెను. ఆలోచన సరియైనదే. అయితే ఖర్చు మూడింతలైనది.

దినపత్రిక ఆదాయవ్యయముల తీరును కొంచెము వివరించవలసియున్నది. పాఠకుడు ఇచ్చు వెలతో కాగితపు ఖర్చే సరిగా గడవదు. ఆ లోటును ప్రకటనలు పూరింపవలెను. 1920 ప్రాంతమున మదరాసులో పెద్ద ప్రకటనలు ఇవ్వగలవి ఆంగ్లేయుల వర్తక సంస్థలు, బ్యాంకులు, ఓడల కంపెనీలు, ప్రభుత్వ శాఖలు. సహాయ నిరాకరణను బోధించు పత్రికకు, విదేశీ వస్త్రమును బహిష్కరింపుమను పత్రికకు, వారు ప్రకటనలు ఇత్తురా? పైగా ఊరిలో ‘హిందూ’ వంటి స్థిరపడిన పత్రిక ఉన్నది. ఎక్కువమంది చదివిన కొలది పత్రికకు లాభమని మనము అనుకొందుము. ప్రకటనలు లేని పత్రికకు ఇది తలక్రిందులగును. ప్రతి కొత్త పాఠకుడు కొంత కొత్త నష్టమును తెచ్చిపెట్టును. వాటాల రూపమున, విరాళముల రూపమున ప్రజలు ధనమిచ్చినారు. అది చాలలేదు. ప్రకాశంగారు న్యాయవాద వృత్తిలో ఆర్జించినదంతయు ఈ గుండములో పోసినారు. అదియు చాలక అప్పులు చేసినారు.

ఇదే మదరాసులో, ఇదే కాలములో, ఇంకొక తెలుగు పత్రికాధిపతి ఉండిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారీ స్థాపించినారు. 1908లో అక్కడనే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మదరాసునకు తెచ్చి దినపత్రిక చేసినారు. ఆయనయు దానశీలుడే, దేశభక్తుడే, చెరకు పోయినవాడే. కాని ఆయన పత్రిక వెనుక తలనొప్పి మందు సీసా ఒకటి ఉన్నది. సీసాలు అమ్ముడుపోయినంతకాలము పత్రికకు ఊపిరి ఆడినది. ప్రకాశంగారి పత్రిక వెనుక ఆయన పాత సంపాదన తప్ప వేరొకటి లేదు. ఆ సంపాదనకు మూలమైన వృత్తిని ఆయనే త్యజించినారు. ఇద్దరి గుణగణములలో తారతమ్యము చూపుటకు ఈ మాట చెప్పుట లేదు. ఒకరు ఏరు కట్టి చెరువు నింపినారు. ఒకరు చెరువునే తెంపి ఊరికి నీరు పారించినారు.

నీరు పారినంత మేర పంట పండినది. ‘స్వరాజ్య’ కార్యాలయము పత్రికా రచయితలకు ఒక పాఠశాల అయినది. తరువాత దౌత్యవేత్తగా, చరిత్రకారుడుగా పేరొందిన కె. ఎం. పణిక్కరు, నిర్భయమైన కలమునకు పేరుపడిన ఖాసా సుబ్బారావు, 1928లో ‘త్రివేణి’ స్థాపించిన కోలవెన్ను రామకోటీశ్వరరావు, 1938లో లక్నోలో ‘నేషనల్ హెరాల్డు’కు తొలి సంపాదకుడైన కోటంరాజు రామారావు, వీరందరు ఆ కార్యాలయములో పనిచేసినవారే. జీతములు నెలకు నెల అందని చోట ఇంతటివారు ఎట్లు నిలిచినారని అడుగవచ్చును. యజమాని తమకంటె సుఖముగా లేడని వారికి తెలిసియుండుటయే ఇందుకు ఒక కారణము. అయితే జీతము అందని సంసారములలోని కష్టమును త్యాగము పేరిట మరచిపోరాదు. అచ్చు పేర్చువాని యింట పొయ్యి వెలుగుటకు యజమాని కీర్తి చాలదు. ఈ సంగతి ప్రకాశంగారి చరిత్రలో వెలుగుతోపాటు పడిన నీడ.

1926లో ఆయన కేంద్ర శాసనసభకు ఎన్నికైనారు. 1928 ఫిబ్రవరి 3న సైమను కమిషను బొంబాయిలో దిగినది. ఆనాడు దేశమంతట హర్తాళము. మదరాసులో హైకోర్టు సమీపమున పోలీసులు కాల్పులు జరుపగా ఒక యువకుడు మరణించినాడు. శవమును చూడబోయిన ప్రకాశంగారిని తుపాకీతో అడ్డగించగా, ఆయన చొక్కా విప్పి రొమ్ము చూపి కాల్చుమన్నారు. ఆ కథ తెలుగు బాలబాలికలందరికి తెలిసినదే. ఇక్కడ నేను చెప్పవలసినది ఒక్కటి. పత్రికాధిపతులు సాధారణముగా సంఘటన జరిగిన చోటికి విలేఖరిని పంపి, తాము కార్యాలయములో ఉందురు. ఈ అధిపతి తానే పోయి, తానే వార్త అయినారు. 1930లో శాసనసభా స్థానమునకు రాజీనామా యిచ్చి ఉప్పు సత్యాగ్రహములో దిగినారు. అధిపతి చెరలో నుండగా పత్రికను నడుపువారు, అప్పులవారికి సమాధానము చెప్పువారు కరవైనారు. ఎట్లో కొన్నియేండ్లు యీడ్చి, 1930–40 దశకము నడుమ ‘స్వరాజ్య’ మూతబడినది.

పత్రిక నుండి రాజకీయములలోనికి వచ్చినవారు లోకమున అనేకులు. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున మారియన్ అను పట్టణములో వారెన్ హార్డింగ్ అను యువకుడు 1884లో భాగస్వాములతో కలిసి దివాలా స్థితిలోనున్న చిన్న పత్రికను కొని, దానిని లాభసాటి పత్రికగా వృద్ధిచేసినాడు. పత్రిక వలన పరిచయములు, పరిచయముల వలన పదవులు వచ్చినవి. ముందు రాష్ట్ర శాసనసభలో పెద్దల సభ్యుడు, తరువాత ఆ రాష్ట్ర ఉపగవర్నరు, తుదకు 1921లో దేశాధ్యక్షుడు అయినాడు. 1923లో, తాను మరణించుటకు కొలది వారముల ముందు, పత్రికను మంచి ధరకు అమ్మినాడు. అతనికి పత్రిక నిచ్చెన అయినది. అదే 1921లో మదరాసున పత్రిక నారంభించిన ప్రకాశంగారికి పత్రిక నిచ్చెన కాలేదు. ఆయనను మేడ మీద నుండి వీధిలోనికి దింపినది. కాని ఆ వీధిలో జనమున్నారు. జనము ఆయనను గుర్తుపట్టినారు. తరువాత వచ్చిన పదవులన్నియు ఆ గుర్తింపు వలన వచ్చినవే.

1937లో మదరాసు రాష్ట్రమున రాజాజీ మంత్రివర్గము ఏర్పడగా ప్రకాశంగారు రెవెన్యూ మంత్రి అయినారు. జమీందారీ రైతుల స్థితిని విచారించు సంఘమునకు ఆయన అధ్యక్షులు. ఈ ఘట్టము దొనకొండ చుట్టుప్రక్కల వారికి ప్రత్యేకముగా తెలియదగినది. ఏలయన, అప్పట్లో నెల్లూరు జిల్లాలో నుండిన దర్శి, పొదిలి ప్రాంతములు జమీందారీ తాలూకాలు. వేంకటగిరి సంస్థానము క్రింది గ్రామములు ఆ మెట్టభూములలో విస్తారముగా నుండెడివి. వాన నమ్ముకొన్న మెట్టసేద్యములో శిస్తు పెరుగుట యనగా ఏమో అచటి రైతుకు చెప్పనక్కరలేదు. ఊరూర సాక్ష్యములు సేకరించి సంఘము తేల్చినది ఇది: నేలకు హక్కుదారు రైతు, జమీందారు శిస్తు వసూలు చేయు మధ్యవర్తి మాత్రమే, శిస్తు 1802 నాటి శాశ్వత పైసలా కాలపు రేట్లకు తగ్గవలెను. 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా చేయుటచే ఈ సిఫారసులు అప్పుడు చట్టము కాలేదు. తరువాత 1947లో శిస్తు తగ్గింపు చట్టము, 1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చినవి. వాటికి పునాదిరాళ్లలో ఈ నివేదిక ఒకటి. ఒంగోలు పూటకూళ్ల యింటి పిల్లవాడు, పత్రిక కొరకు ఆస్తి పోగొట్టుకొన్నవాడు, ఎస్టేటు కచేరీ దస్తరములను రైతు వైపు నుండి చదువుట సహజమే.

1940 తరువాత మరల సత్యాగ్రహములు, మరల చెరసాల. 1942లో అరెస్టయి 1945లో విడుదలైనారు. 1946 ఏప్రిల్ 30న, డెబ్బదిమూడవ యేట, మదరాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయినారు. అధిష్ఠానవర్గము రాజాజీ వైపు మొగ్గినను శాసనసభా పక్షము ఈయననే ఎన్నుకొన్నది. ఫిర్కాభివృద్ధి పథకము ఆయన ప్రభుత్వము నాటిదే. కొత్త బట్టల మిల్లులను, అదనపు కదుళ్లను అనుమతించక ఖద్దరును ప్రోత్సహింపవలెనని నిర్ణయించినారు. బట్ట కరవుగా నున్న రోజులవి. గ్రామములో రాట్నము తిరుగవలెనను ఆశయము గొప్పదే. బట్ట చాలునా అని లెక్క వేసినవారు ఆక్షేపించినారు. 1947 ఆరంభమున కమ్యూనిస్టులను విచారణ లేకుండ నిర్బంధించు ఆర్డినెన్సును కూడ ఆయన ప్రభుత్వము ప్రయోగించినది. స్వేచ్ఛకొరకు పత్రిక నడిపినవాని చేతిమీదుగా అట్టి ఉత్తరువు వెలువడుట ఆయన అభిమానులకును బాధ కలిగించు విషయమే.

డబ్బు సంగతి అప్పుడు కూడ ఆయనను వెంటాడినది. ప్రజలు సన్మాన సభలలో సమర్పించిన నిధులను సొంత ఖర్చునకు వాడుకొన్నారను ఆక్షేపణ గాంధీజీ వరకు పోయినది. గాంధీజీ దానిని సమర్థింపలేదు. ప్రకాశంగారి వైపు వారు చెప్పినదేమనగా: ఆయన తనదంతయు ప్రజలకిచ్చినారు, ప్రజలు ఆయనను పోషించుచున్నారు, ఇందు దాపరికమేమున్నది? ఇరువురి మాటలోను న్యాయమున్నది. తన డబ్బు, ప్రజల డబ్బు అను గీత ఆయనకు మొదటి నుండి లేదు. ‘స్వరాజ్య’ నాడు ఆ గీత లేకపోవుట వలన నష్టపడినవారు ఆయన ఒక్కరే కాకున్నను, ముందుగా ఆయనే. అధికారములో నున్నప్పుడు అదే అలవాటు విమర్శకు గురియైనది. 1947 మార్చిలో పక్షములోని బలము సడలి పదవి విడిచినారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. ఎనుబదియొకటవ యేట ప్రకాశంగారు మొదటి ముఖ్యమంత్రి. అప్పటికి కాంగ్రెసును విడిచి వేరు పక్షమున నుండిరి. కాంగ్రెసు మద్దతుతో మంత్రివర్గము నేర్పరచినారు. గుడారములలో కచేరీలు నడచిన రోజులు. పదమూడు నెలలలో గుంటూరున హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఏర్పడినవి. 1952లో గండిపడిన బెజవాడ కృష్ణ ఆనకట్ట స్థానమున కొత్త బారేజీకి పని మొదలైనది. 1957లో పూర్తియైన ఆ బారేజీకి ఆయన పేరే పెట్టినారు. డబ్బు చాలునా అని ముందు అడుగక, పని కావలెనా అని ముందు అడుగుట ఆయన పద్ధతి. కొత్త రాష్ట్రమునకు ఆ తెగువ కావలసియుండెను. అయితే శాసనసభలో చేతులు లెక్కపెట్టుట తప్పదు. 1954 నవంబరులో మద్యనిషేధ విషయమున వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గినది. పత్రిక జమాఖర్చులు చూడనివారు ఓట్ల జమాఖర్చులును చూడలేదు. ప్రభుత్వము పడిపోయినది.

అటుపిమ్మటను ఆయన ఇంట కూర్చుండలేదు. ఎనుబదినాలుగేండ్ల వయస్సులో నడివేసవిలో ఒంగోలు ప్రాంతమున పర్యటించుచు వడదెబ్బ తగిలి, హైదరాబాదు ఆసుపత్రిలో 1957 మే 20న కన్నుమూసినారు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములను కలిపి ఒంగోలు జిల్లా ఏర్పరచినారు. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు నుండియు, దర్శి, పొదిలి నెల్లూరు నుండియు వచ్చి అందు చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము జిల్లా అని పేరు మార్చినారు. తన పేర ఒక యిల్లు మిగుల్చుకొనలేని వ్యక్తి పేర ఇంత నేల వెలసినది.

ఆయన స్వీయచరిత్ర ‘నా జీవితయాత్ర’ చదివినవారికి ఒక విషయము తోచును. పోగొట్టుకొన్న ధనమును గురించిన విలాపము అందు కానరాదు. ‘స్వరాజ్య’ నష్టపోయిన మాట నిజము. అది పత్రికను నడుపు విధానములోని లోపమే. రేపు పత్రిక పెట్టబోవు యువకునికి ఆ విధానమును ఎవరును సిఫారసు చేయరు. జీతగాండ్రకు జీతము, అప్పులవారికి అప్పు, ఈ రెండును తీర్చగల పత్రికయే నాలుగు కాలములు నిలుచును. నాగేశ్వరరావు పంతులుగారు దారి చూపినారు. కాని పత్రిక నిలిచిన పిదప యజమానిని ఒక ప్రశ్న అడుగవలసియుండును: ఈ పత్రిక ఎవరికొరకు? ఆ ప్రశ్నకు ప్రకాశంగారి వద్ద సమాధానము మొదటి రోజున ఉన్నది, చివరి రోజునను ఉన్నది. జమాఖర్చు పుస్తకము మాత్రమే సరిగా లేదు.

అచ్చుకాగితమైనను, గాలిలో వచ్చు మాటయైనను, దానిని అందుకొను ఇంటివారికి వెల ఒక్కటే కనబడును. దాని వెనుక ఎవరి సొమ్ము, ఎవరి ప్రయోజనము ఉన్నవో కనబడదు. దొనకొండ స్టేషనులో కట్ట విప్పి పత్రిక అందుకొన్న ఆనాటి పాఠకునికిని అంతే. అందువలన పత్రిక చేతికి వచ్చినప్పుడు వార్తతోపాటు ఈ ప్రశ్నను కూడ ఒకసారి వేసికొనుట మంచిది. ప్రకాశం పంతులుగారి జీవితము మనకు నేర్పునది ఆ మాత్రము.